పోలీసు జీతం ఎవరి చేతి మీదుగా వస్తోంది?

నెలలో ఇరవయ్యో తేదీ దాటింది. ఠాణా ముందు జీపు ఉంది, డ్రైవరూ ఉన్నాడు. ఆ నెలకు కేటాయించిన డీజిల్ మాత్రం అయిపోయింది. ఇరవై కిలోమీటర్ల అవతల దొంగతనం జరిగిందని పరుగున వచ్చిన మనిషికి రెండే దారులు. ఒకటో తేదీ దాకా ఆగాలి, లేదా తానే ఒక బండి మాట్లాడి పోలీసులను ఎక్కించుకుని వెళ్లాలి. ఎక్కువగా రెండోదే జరుగుతుంది. బండి పెట్టగలిగినవాడి ఫిర్యాదు కదులుతుంది, పెట్టలేనివాడి ఫిర్యాదు రిజిస్టరులోనే ఉండిపోతుంది. ఇందులో ఎవరూ లంచం అడగలేదు, ఎవరూ దురుసుగా మాట్లాడలేదు. అయినా న్యాయం ఒకరికి అందింది, ఇంకొకరికి అందలేదు.

అదే ఏడాది బడ్జెట్ ప్రసంగంలో పోలీసు శాఖకు కేటాయింపులు పెంచామని మంత్రి చెప్పి ఉంటారు. అదీ అబద్ధం కాదు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో అర్థం కావాలంటే, పోలీసుకు ఎంత డబ్బు ఇస్తున్నారన్న ప్రశ్న దగ్గర ఆగకూడదు. ఆ డబ్బు ఎవరి ఖజానా నుంచి వస్తోంది, ఏ షరతుతో వస్తోంది, ఖర్చయ్యాక లెక్క అడిగేది ఎవరు అన్నవి చూడాలి. పోలీసు ఎవరికి జవాబుదారీగా ఉంటాడో చట్టంలో రాసి ఉంటుంది. నిజంగా ఎవరి వైపు చూస్తాడో తేల్చేది మాత్రం డబ్బు వచ్చే దారి.

ముందు పరిమాణం సంగతి. ప్రభుత్వ లెక్కల్లో పోలీసు ఖర్చు శాంతిభద్రతల పద్దు కిందికి వస్తుంది. అంతర్జాతీయ వర్గీకరణ ప్రకారం అగ్నిమాపక దళం, న్యాయస్థానాలు, జైళ్లు కూడా అందులోనే ఉంటాయి. ఐరోపా సమాఖ్య దేశాలన్నిటినీ కలిపి చూస్తే ఈ పద్దు మొత్తం స్థూల దేశీయోత్పత్తిలో 1.7 శాతం దరిదాపుల్లో ఉంటోంది. అందులో పోలీసు వాటా స్థూల దేశీయోత్పత్తిలో సుమారు 0.9 శాతం. పింఛన్లు, వైద్యం, చదువులతో పోలిస్తే ఇది చిన్న మొత్తమే.

ఆ మొత్తంలో ముప్పాతిక వంతు, చాలాచోట్ల అంతకన్నా ఎక్కువ, జీతభత్యాలకే పోతుంది. పోలీసు పని మనుషులు చేసే పని కాబట్టి అందులో తప్పు లేదు. చిక్కంతా మిగిలిన పాతిక వంతు దగ్గర మొదలవుతుంది. ఇంధనం, వాహనాల మరమ్మతులు, శిక్షణ, ఫోరెన్సిక్ పరీక్షలు, సాక్షుల ప్రయాణ ఖర్చులు, కంప్యూటర్లు, కాగితాలు అన్నీ అందులోంచే రావాలి. ఆర్థిక శాఖ పొదుపు అనగానే జీతం కోయలేరు, ఉద్యోగం తీసేయడం అంత తేలిక కాదు. కోత పడేది ఈ పాతిక వంతు మీదే. మొత్తం బడ్జెట్‌లో ఐదు శాతం తగ్గించాలంటే, జీతాలు కదలనప్పుడు ఈ రోజువారీ ఖర్చుల్లో ఇరవై శాతం ఎగిరిపోతుంది. పైకి చిన్నగా కనిపించే కోత స్టేషన్ దాకా వచ్చేసరికి నాలుగింతలవుతుంది. పనివాడు ఉంటాడు, పనిముట్టు ఉండదు.

దీని పర్యవసానం ఎక్కడి దాకా పోతుందో అమెరికాలోని డెట్రాయిట్‌లో బయటపడింది. 2009లో అక్కడ పోలీసులు వాడుకునే ఒక గోదాములో అత్యాచార బాధితుల నుంచి సేకరించిన నమూనాల పెట్టెలు వేల సంఖ్యలో కనిపించాయి. లెక్కపెడితే 11,000 దాటాయి. ఏళ్ల తరబడి అవి ఏ ప్రయోగశాలకూ వెళ్లలేదు. ఒక్కొక్క పరీక్షకు వెయ్యి డాలర్లకు పైగా ఖర్చు, నగరమేమో దివాలా అంచున ఉంది. ప్రతి పెట్టె వెనకా ఒక మనిషి ఉంది. ఆ రాత్రి జరిగిన ఘోరం తర్వాత గంటల పాటు ఆసుపత్రి మంచం మీద పరీక్షకు ఒప్పుకుని, తన వంతు తాను చేసిన మనిషి. తర్వాత నిధులు సమకూర్చి పరీక్షలు చేయిస్తే వందల మంది వరస నేరస్తుల ఆనవాళ్లు దొరికాయి. పెట్టెలు గోదాములో ఉన్న కాలంలో వారిలో కొందరు మళ్లీ మళ్లీ దాడులు చేశారు. నిర్లక్ష్యం, బాధితుల మాట నమ్మని ధోరణి కూడా దీనికి కారణాలే, డబ్బొక్కటే కాదు. కానీ డబ్బు లేకపోవడమన్నది ఆ నిర్లక్ష్యానికి ఏళ్ల తరబడి సాకుగా పనికొచ్చింది.

కేంద్రం ఇచ్చేది, ఊరు ఇచ్చేది

పోలీసు ఖర్చు స్థానికులు భరించాలా, జాతీయ ఖజానా భరించాలా అన్న తగువు ఆధునిక పోలీసు వ్యవస్థ పుట్టినప్పటి నుంచీ ఉంది. 1829లో బ్రిటన్ హోం మంత్రి రాబర్ట్ పీల్ లండన్ మెట్రోపాలిటన్ పోలీసును ఏర్పాటు చేసినప్పుడు దాని ఖర్చుకు అక్కడి పారిష్‌ల (చర్చి పరిధితో ఏర్పడిన స్థానిక పాలనా విభాగాల) మీద ప్రత్యేక పన్ను వేశారు. దళం మీద అజమాయిషీ హోం మంత్రిది, డబ్బు కట్టేది స్థానికులు. జనానికి కోపం రాకుండా ఎలా ఉంటుంది? 1833 నాటికి ఖర్చులో నాలుగో వంతు ప్రభుత్వం భరించక తప్పలేదు.

ఇంకా ఆసక్తికరమైనది 1856 నాటి చట్టం. ఇంగ్లండ్, వేల్స్‌లలోని ప్రతి కౌంటీ పోలీసు దళాన్ని నడపాలని ఆ చట్టం ఆదేశించింది. జీతాలు, దుస్తుల ఖర్చులో నాలుగో వంతు కేంద్రం ఇస్తుంది, అయితే ఒక షరతు. ముగ్గురు ఇన్‌స్పెక్టర్లు వచ్చి తనిఖీ చేసి, దళం సమర్థంగా ఉందని ధ్రువపత్రం ఇవ్వాలి. మొదటి విడత తనిఖీలో దాదాపు సగం దళాలు తప్పాయి. 1874లో గ్రాంటును సగానికి పెంచేసరికి మొండికేసిన పట్టణాలకూ ఆశ పుట్టింది. 1890 వచ్చేసరికి అన్ని దళాలూ తనిఖీలో నెగ్గాయి. ఆజ్ఞ చేయలేని పనిని షరతుతో కూడిన గ్రాంటు చేసింది. పోలీసు నిధుల చరిత్రలో ఇంత శుభ్రంగా పనిచేసిన ఏర్పాటు మరొకటి అరుదు. డబ్బుతో పాటు లెక్క చూసే కన్నూ వచ్చింది కాబట్టే అది పనిచేసింది.

ఆ మిశ్రమ పద్ధతి నేటికీ ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లలోని 43 ప్రాంతీయ దళాలకు కొంత కేంద్ర గ్రాంటు నుంచి, మిగతాది ఇళ్ల మీద వేసే కౌన్సిల్ పన్ను నుంచి వస్తుంది. ఆస్తుల విలువ ఎక్కువగా ఉన్న సర్రే లాంటి ప్రాంతంలో సగానికి పైగా స్థానిక పన్ను నుంచే సమకూరుతుంది. పేదరికం ఎక్కువగా ఉన్న నార్తంబ్రియా దళానికి అలా వచ్చేది ఐదో వంతు దరిదాపుల్లోనే. 2010లో అక్కడి ప్రభుత్వం నాలుగేళ్లలో కేంద్ర గ్రాంటును ఐదో వంతు తగ్గిస్తామంది. అందరికీ ఒకే కోత కాబట్టి న్యాయంగానే అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. బడ్జెట్‌లో 80 శాతం గ్రాంటు మీద బతికే దళానికి 20 శాతం కోత పడితే మొత్తం మీద 16 శాతం పోతుంది. గ్రాంటు వాటా 45 శాతమే ఉన్న దళానికి పోయేది 9 శాతం. అంటే పోలీసు అవసరం ఎక్కువగా ఉన్న పేద ప్రాంతం, తక్కువ అవసరమున్న సంపన్న ప్రాంతం కన్నా దాదాపు రెండింతలు నష్టపోయింది. ఎవరూ అలా చేయాలని అనుకోకపోవచ్చు. డబ్బు వచ్చే దారే ఆ పని చేసిపెట్టింది.

ఆ కోతల వల్ల 2010 నుంచి 2017 వరకు దళాల్లో 20,000 మందికి పైగా అధికారులు తగ్గారు. 2019లో 20,000 మందిని కొత్తగా తీసుకుంటామని ప్రకటించి 2023 మార్చి నాటికి ఆ అంకెను చేరుకున్నారు. అంకె నిండింది. వెళ్లిపోయినవారితో పోయిన అనుభవం మాత్రం నిండలేదు. ప్రతి ముగ్గురిలో ఒకరికి మించి ఐదేళ్ల సర్వీసు లేనివారే మిగిలారు. లక్ష్యం యూనిఫాం వేసుకునే అధికారుల సంఖ్య మీదే ఉండడంతో, అది తప్పితే డబ్బు పోతుందన్న భయంతో దళాలు సాధారణ ఉద్యోగులు చేయాల్సిన గుమాస్తా పనుల్లోనూ అధికారులనే కూర్చోబెట్టాయి. బడిలో చేరికలు పెరిగాయని చెప్పి ఉపాధ్యాయుల సంగతి దాటవేసినట్టు ఉంటుంది, పోలీసు బడ్జెట్‌ను తలల లెక్కతో కొలవడం.

పూర్తిగా స్థానికం చేస్తే ఏమవుతుందో జపాన్ చూసింది. యుద్ధం తర్వాత, అమెరికన్ల ఆక్రమణ కాలంలో, పోలీసును ప్రజలకు దగ్గర చేయాలన్న ఉద్దేశంతో 1947లో ఒక చట్టం తెచ్చారు. 5,000 జనాభా దాటిన ప్రతి పట్టణమూ సొంత పోలీసును పెట్టుకోవాలి. అలా 1,600 వరకు పురపాలక దళాలు పుట్టాయి. ఉద్దేశం గొప్పదే, చిన్న పట్టణాల ఖజానాలు ఖాళీ. పోలీసు ఖర్చు కోసం స్థానిక పెద్దల చందాల మీద ఆధారపడిన చోట, ఆ పెద్దల తప్పులను పట్టుకునేది ఎవరు? 1951లో ప్రజాభిప్రాయంతో తమ దళాన్ని వదులుకోవచ్చని సవరణ తేగానే కొద్ది నెలల్లోనే వెయ్యికి పైగా పట్టణాలు వదిలేసుకున్నాయి. 1954 చట్టం దళాలను ప్రిఫెక్చర్ల (జపాన్‌లో రాష్ట్రాల వంటి పాలనా విభాగాల) కిందికి తెచ్చింది. ఇప్పుడక్కడ మామూలు పోలీసుల జీతం ప్రిఫెక్చర్ ఇస్తుంది. పై స్థాయి అధికారులు జాతీయ ప్రభుత్వ ఉద్యోగులు. శిక్షణ సంస్థలు, సమాచార వ్యవస్థ, నేర గణాంకాల వంటి ఖర్చులు జాతీయ ఖజానావి. చాలా దేశాల పద్ధతులతో పోల్చితే ఈ పంపకం ఆలోచించి చేసినట్టు కనిపిస్తుంది. వీధి పోలీసు ప్రాంతానికి జవాబు చెప్పాలి, నైపుణ్యం మాత్రం దేశమంతటా ఒకే స్థాయిలో ఉండాలి.

ఇటీవలి కాలంలో గాలి కేంద్రీకరణ వైపే ఎక్కువగా వీస్తోంది. నెదర్లాండ్స్ 2013లో, స్వీడన్ 2015లో తమ ప్రాంతీయ దళాలను ఒకే జాతీయ సంస్థగా కలిపాయి. 2013 ఏప్రిల్‌లో స్కాట్లండ్ తన ఎనిమిది దళాలను కలిపింది. పొదుపు అవుతుందన్నది ముఖ్య వాదన. అయితే పాత దళాలు స్థానిక సంస్థలు కాబట్టి కొనుగోళ్ల మీద కట్టిన వ్యాట్ పన్నును వెనక్కి తీసుకునేవి. కొత్త జాతీయ సంస్థకు ఆ హక్కు లేకుండా పోయింది. ఏటా 2 కోట్ల పౌండ్లకు పైగా అదనపు భారం పడింది. రాజకీయ వాదులాటల తర్వాత 2018 నుంచి ఆ పన్ను వాపసు దొరికింది. వందల పేజీల సంస్కరణ ప్రణాళికలో ఒక్క పన్ను నియమం ఐదేళ్ల పాటు అన్ని కోట్లు తినేసింది. వెనకబడినవాళ్ల ఠాణాల్లో డీజిల్ ఎందుకు అయిపోతుందో వెతికేటప్పుడు ఇలాంటి చిన్న అక్షరాలనే ముందు చదవాలి.

మూడేళ్ల డబ్బు, ముప్పయ్యేళ్ల ఉద్యోగం

కేంద్రం ఒకసారి డబ్బిచ్చి, తర్వాత మీరే చూసుకోండి అనే పద్ధతికి పెద్ద ఉదాహరణ అమెరికా. 1994 నేర నియంత్రణ చట్టం కింద లక్ష మంది పోలీసులను వీధుల్లోకి తేవడానికి 880 కోట్ల డాలర్లు కేటాయించారు. ఒక్కొక్క అధికారికి మూడేళ్ల పాటు జీతంలో 75 శాతం దాకా, గరిష్ఠంగా 75,000 డాలర్లు, కేంద్రం భరిస్తుంది. ఆ తర్వాత స్థానిక ప్రభుత్వం తన డబ్బుతో కొనసాగించాలి. నేరాలు తగ్గడంలో ఈ పథకానికి ఓ మోస్తరు పాత్ర ఉందని తర్వాతి సమీక్షలు తేల్చాయి, కాబట్టి అది వృథా అనడానికి లేదు. కానీ పోలీసు ఉద్యోగం మూడేళ్లది కాదు. జీతం ఏటా పెరుగుతుంది, చివర్లో పింఛను వస్తుంది. నాలుగో ఏడు గ్రాంటు ఆగిపోయినప్పుడు పెద్ద నగరం తట్టుకుంటుంది, చిన్న పట్టణం గ్రంథాలయానికో రోడ్డుకో కోత పెడుతుంది, లేదంటే ఆ ఉద్యోగమే తీసేస్తుంది.

భారతదేశంలో ఈ చిక్కు తిరగబడి కనిపిస్తుంది. రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం పోలీసు రాష్ట్రాల అంశం, జీతాలు రాష్ట్రాలవి. ఆయుధాలు, వాహనాలు, ప్రయోగశాలల కోసం కేంద్రం 1969 నుంచి ఆధునికీకరణ నిధులిస్తోంది. సాధారణంగా కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున భరించాలి. రాష్ట్రం తన వాటా ఆలస్యం చేస్తుంది, ఖర్చు ధ్రువపత్రాలు పంపదు, ఆర్థిక సంవత్సరం చివరికి డబ్బు మురిగిపోతుంది. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికలు ఈ మాట ఎన్నిసార్లు రాశాయో. డబ్బు లేక ఆగిన పని ఒకటైతే, ఉన్న డబ్బు కదలక ఆగిన పని ఇంకొకటి. రెండోది మరీ బాధాకరం.

సొంత సంపాదన అనే ప్రమాదం

ఖజానా నుంచి చాలినంత రాకపోతే పోలీసు శాఖ తానే సంపాదించుకోవచ్చు కదా అన్న ఆలోచన కొత్తది కాదు. 1798లో థేమ్స్ నది మీద తిరిగే పోలీసు దళం వెస్టిండీస్ వర్తకుల డబ్బుతోనే మొదలైంది, వాళ్ల ఓడల సరుకు కాపాడడానికి. రెండేళ్లకే, 1800లో, పార్లమెంటు దాన్ని ప్రభుత్వ ఖర్చులోకి తెచ్చింది. వలస పాలనలో దీనికి ఇంకో రూపం ఉండేది. 1861 పోలీసు చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఒక ప్రాంతం అల్లకల్లోలంగా ఉందని ప్రకటించి, అక్కడ అదనపు పోలీసును దించి, ఆ ఖర్చు స్థానికుల నుంచే వసూలు చేయవచ్చు. 1923లో గుజరాత్‌లోని బోర్సద్ తాలూకాలో దోపిడీ దొంగల బెడద పేరుతో పెద్దలందరి మీదా తలకు 2 రూపాయల 7 అణాల చొప్పున పన్ను వేశారు. దొంగల చేతిలో నష్టపోయినవారే దొంగలకు కొమ్ముకాశారన్న నెపంతో మళ్లీ పన్ను కట్టాలి. వల్లభ్‌భాయ్ పటేల్ నాయకత్వంలో ప్రజలు కట్టబోమన్నారు, 1924 మొదట్లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

ఇప్పటి రూపం జరిమానాలు, జప్తులు. 1984లో అమెరికా చేసిన చట్టం ప్రకారం, జప్తు చేసిన ఆస్తి విలువలో 80 శాతం దాకా దాన్ని పట్టుకున్న స్థానిక పోలీసు శాఖకే దక్కవచ్చు. పట్టుకునే చేయి, అనుభవించే చేయి ఒకటే అయితే ఎవరిని పట్టుకోవాలన్న నిర్ణయమే వంకరపోతుంది. మిస్సోరీ రాష్ట్రంలోని ఫెర్గూసన్ పట్టణంపై 2015 మార్చిలో అమెరికా న్యాయ శాఖ ఇచ్చిన నివేదిక దీన్ని కళ్లకు కట్టింది. ఆ ఏడాది పట్టణ సాధారణ నిధికి 1.33 కోట్ల డాలర్లు వస్తాయని అంచనా వేసుకుంటే, అందులో దాదాపు 31 లక్షలు జరిమానాలు, రుసుముల నుంచే రావాలని లెక్క. ఆ లెక్క పూర్తి చేయాల్సింది పోలీసులు.

అదే నివేదికలో పేరు చెప్పని ఒక నల్లజాతి మహిళ ఉంది. 2007లో కారు తప్పుగా నిలిపినందుకు ఆమెకు రెండు చలానాలు, 151 డాలర్ల జరిమానా, పైన రుసుములు పడ్డాయి. నిలువ నీడ లేని రోజులవి ఆమెకు. కోర్టుకు రాలేదనీ, గడువులోగా కట్టలేదనీ కొత్త జరిమానాలు చేరుతూ పోయాయి. ఒకసారి 25 డాలర్లు, ఇంకోసారి 50 డాలర్లు పంపితే, మొత్తం కడితేనే తీసుకుంటామని కోర్టు తిప్పి పంపింది. ఆరు రోజులు జైల్లో ఉంది. 550 డాలర్లు కట్టింది. 2014 డిసెంబరు నాటికి ఇంకా 541 డాలర్లు బాకీ ఉన్నట్టు లెక్క తేలింది. ఏడేళ్లు గడిచినా ఆ రెండు చలానాల రుణం తీరలేదు. పట్టణ ఆదాయంలో ఆమె ఒక అంకె, అంతే. జరిమానా ఉండకూడదని కాదు. ఆ డబ్బు విధించిన శాఖ దరిదాపుల్లోకి రాకుండా నేరుగా సాధారణ ఖజానాకు పోవాలి, ఎంత వసూలైనా పోలీసు బడ్జెట్ ఒక్క పైసా కదలకూడదు.

జీతం పెంచితే చాలా?

తక్కువ జీతం ప్రమాదకరమన్నది నిస్సందేహం. 1919 సెప్టెంబరు 9న బోస్టన్‌లో 1,100 మందికి పైగా పోలీసులు సమ్మెకు దిగారు. దుస్తులు కూడా సొంత డబ్బుతో కొనుక్కోవాల్సి వచ్చేది, స్టేషన్లు ఎలుకలమయం, జీతం పాత రోజులది. నగరంలో లూటీలు జరిగాయి, రాష్ట్ర గార్డు దళాలు దిగాయి, సమ్మె చేసిన వారందరినీ తీసేశారు. వారి స్థానంలో కొత్తగా తీసుకున్నవారికి జీతం పెంచారు, దుస్తులు ఉచితంగా ఇచ్చారు. పాతవారు అడిగింది అదే.

మరి జీతం పెంచితే పోలీసు నిజాయితీగా మారతాడా? ఒకప్పటి సోవియట్ యూనియన్‌లో భాగమైన జార్జియా దేశంలో 2004లో లంచాలకు పేరుమోసిన ట్రాఫిక్ పోలీసు శాఖను, సుమారు 16,000 మందిని, మొత్తంగా తొలగించారు. కొత్త గస్తీ దళాన్ని ఏర్పరచి, జీతాలు దాదాపు పదింతలు చేశారు. రోడ్డు మీద లంచం కొద్ది కాలంలోనే దాదాపు మాయమైంది. చాలామంది ఇందులోంచి జీతం ముక్క ఒక్కటే ఏరుకుంటారు. అక్కడ జీతంతో పాటు మనుషులూ మారారు, మారువేషంలో తనిఖీలు నడిచాయి, పట్టుబడితే ఉద్యోగం పోయింది.

ఘనాలో 2010లో పోలీసుల జీతం దాదాపు రెట్టింపు చేశారు. మనుషులు వాళ్లే, పై అధికారులు వాళ్లే, రోడ్డు మీద చెక్‌పోస్టులూ అవే. ఆ పెంపునకు ముందూ తర్వాతా పశ్చిమ ఆఫ్రికా రహదారుల మీద లారీల నుంచి వసూలు చేసిన మొత్తాలను ఇద్దరు పరిశోధకులు పోల్చి చూశారు. జీతం పెంచని పొరుగు దేశం పోలీసులతో, ఘనాలోనే జీతం పెరగని కస్టమ్స్ సిబ్బందితో పోల్చినా, ఘనా పోలీసులు లంచం కోసం పట్టే పట్టు పెరిగింది, తీసుకునే మొత్తమూ పెరిగింది. ఆ సంగతి పోలీసు శాఖ పుస్తకాల్లోంచి రాలేదు. ఏ చెక్‌పోస్టు దగ్గర ఎంత ఇచ్చారో లారీ డ్రైవర్లు ప్రయాణం పొడవునా రాసిపెట్టిన కాగితాల్లోంచి వచ్చింది.